నాలుగు బర్నర్ల గాజు పొయ్యి: మెరుపు బాగుంది, నాబ్‌ల వరస బాగాలేదు

కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజుకని తిరుపతిలో ఇప్పుడు చాలామంది కొంటున్నది నల్లగాజు పలక మీద నాలుగు బర్నర్లున్న గ్యాస్ పొయ్యి. గాంధీ రోడ్డు అంగళ్ళలో ముందు వరసలో కనబడేదీ అదే. ట్యూబులైటు కింద అద్దంలా మెరుస్తుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే మరక పోతుంది. పక్కనున్న స్టీలు పొయ్యి దాని ముందు వెలవెలబోతుంది. ఈ సమీక్ష ఆ నాలుగు బర్నర్ల పొయ్యి గురించి, దాని పక్కనే పెట్టి అమ్మే మూడు బర్నర్ల పొయ్యి గురించి. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఏ ఒక్క కంపెనీవో కావు, పొయ్యిని గీసిన తీరులోనే ఉన్నవి.

మంట ఎంత జోరుగా వస్తుంది, గ్యాస్ ఎంత కలిసొస్తుంది అన్నవి కొనేవాళ్ళు ఎలాగూ అడుగుతారు. ఇక్కడ చూసింది వేరే. చెయ్యి తడిగా ఉన్నప్పుడు, కరెంటు పోయినప్పుడు, చంకలో బిడ్డ ఉన్నప్పుడు, ఒకపక్క కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టుకుంటూ ఇంకోపక్క తాలింపు చూసుకునేటప్పుడు ఈ పొయ్యి వంటమనిషికి ఎంత సాయపడుతుంది, ఎక్కడ తప్పు చేయిస్తుంది అన్నది. మనిషి చెయ్యి ఎంత దూరం అందుతుంది, కన్ను ఏం చూస్తుంది, అలవాటు ఎటు లాగుతుంది అని కొలిచి వస్తువును దానికి తగ్గట్టు మలిచే ఈ విద్యకు హ్యూమన్ ఫ్యాక్టర్స్ అని పేరు. విమానాల కాక్‌పిట్ల నుంచి ఇంజెక్షన్ పంపుల దాకా దీని చెయ్యి పడనిది లేదు. వంటగది పొయ్యి కూడా దాని పాత విద్యార్థే.

తీర్పు ముందే చెప్పేస్తే: నలుగురైదుగురున్న ఇంటికి మూడు బర్నర్ల పొయ్యి మేలు. నాలుగు బర్నర్లది తప్పదనుకుంటే కింద చెప్పిన రెండు మూడు విషయాలు అంగట్లోనే తేల్చుకుని కొనండి.

మొదటిది నాబ్‌ల వరస. నాలుగు బర్నర్లు ఎడమవైపు ముందొకటి వెనకొకటి, కుడివైపు ముందొకటి వెనకొకటి, చదరంగా ఉంటాయి. నాబ్‌లు మాత్రం ముందు పట్టీ మీద ఒకే గీతలో నాలుగు. ఏ నాబ్ ఏ బర్నర్‌ది? లెక్క ప్రకారం 24 రకాలుగా కలపొచ్చు. ఎడమవైపు నాబ్‌లు ఎడమ బర్నర్లకు, కుడివి కుడి వాటికి అని అందరూ పాటిస్తారు కాబట్టి మిగిలేవి 4. ఆ నాలుగింటిలో ఏదో ఒకటి ఈ పొయ్యిలో ఉంటుంది, ఇంకోటి పక్క మోడల్‌లో ఉంటుంది. అత్తగారింట్లో చివరి నాబ్ వెనక బర్నర్‌ది, అమ్మగారింట్లో ముందు బర్నర్‌ది. చెయ్యికి నేర్చుకునే వీలే ఉండదు.

దీన్ని 1959లోనే కొలిచారు. అమెరికాలో అల్ఫాన్స్ చపానిస్, లిండెన్‌బామ్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగు రకాల పొయ్యి నమూనాలు చేయించి, ఒక్కో నమూనా మీద 1200 సార్లు మనుషుల చేత నాబ్ ఎంపిక చేయించారు. మూడు నమూనాల్లో బర్నర్లు ఇప్పటి మన పొయ్యిల్లా చదరంగా ఉన్నాయి. వాటిలో వరసగా 76, 116, 129 తప్పులు వచ్చాయి. నాలుగోదాంట్లో బర్నర్లను కొంచెం పక్కకు జరిపి, వెనక బర్నర్ ముందు బర్నర్‌కు నేరుగా వెనక పడకుండా అమర్చారు. ఎడమ నుంచి కుడికి బర్నర్ల వరస ఎలా ఉందో నాబ్‌ల వరస అలాగే వచ్చింది. అందులో తప్పులు సున్నా. బొమ్మలు అంటించలేదు, హెచ్చరికలు రాయలేదు, మనుషులకు ప్రత్యేకంగా నేర్పలేదు. బర్నర్లను జరిపారంతే. ఆ ఫలితం వచ్చి ఆరు దశాబ్దాలు దాటింది, అయినా చదరం అమరికే అంగట్లో మొదటి వరసలో ఉంది. పొయ్యి పలక చిన్నగా, పొందికగా కనబడడం తప్ప దానికి ఇంకో కారణం కనబడదు.

మూడు బర్నర్ల పొయ్యి ఈ చిక్కును తనంతట తానే తప్పించుకుంది. ఎడమన ఒకటి, కుడిన ఒకటి, మధ్యలో కొంచెం వెనక్కి చిన్నది. నాబ్‌లూ ఎడమ, మధ్య, కుడి. చూపుతో పనిలేకుండా చెయ్యి సరైన చోటికి పోతుంది. నాలుగు బర్నర్లే కావాలంటే, వెనక వరస ముందు వరసకు ఎదురుగా కాకుండా మధ్యసందుల్లోకి జరిగి ఉన్న మోడల్ అడగండి. అలాంటివీ ఉన్నాయి. పలక కొంచెం వెడల్పు ఉంటుంది, గట్టు మీద అంత చోటు ఉండాలి.

నాబ్ పక్కన నాలుగు చుక్కలు వేసి అందులో ఒకటి నింపిన బొమ్మ చూపించి, "ఇదిగో అక్కా, ఏది ఏదో రాసే ఉంది కదా" అంటారు అంగడివాళ్ళు. ఆ బొమ్మ ఎక్కడుందో చూడండి. చాలా పొయ్యిల్లో అది ముందు పట్టీ మీద, గాజు అంచు కింద ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి పైనుంచి కనబడేది నాబ్ నెత్తి మాత్రమే. బొమ్మ చూడాలంటే వంగాలి. నూనె కాగుతుంటే ఎవరూ వంగి చదవరు. బొమ్మ గాజు పైభాగంలో నాబ్‌కు సరిగ్గా ఎదురుగా ఉంటేనే ఉపయోగం. అదికూడా పీచుతో రోజూ రుద్దే చోటే కాబట్టి, అచ్చు గోటికి గరుకుగా తగులుతుంటే అది పైపూత, తొందరగా పోతుంది.

తప్పు నాబ్ తిప్పితే ఏమవుతుంది? పప్పు మంట తగ్గిద్దామని పోయిన చెయ్యి పాల మంట తగ్గిస్తుంది. ఇంకా పెద్ద సంగతి, అంటిద్దామనుకున్నది అంటుకోదు, ఖాళీ బర్నర్‌కు గ్యాస్ తెరుచుకుంటుంది. ఇంట్లో దీనికి వచ్చే మాట ఒక్కటే, "చూసుకోవద్దా?" అని. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ మనిషి పొరపాట్లను విడదీసి చూపినప్పుడు ఈ రకాన్ని వేరుగా పెట్టాడు: తలపు సరైనదే, చెయ్యి పక్కకు పోయింది. ఇలాంటి పొరపాటు చేతగానివాళ్ళ కంటే చెయ్యి తిరిగిన వాళ్ళకే ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే వాళ్ళ చేతులు చూపు లేకుండానే పనిచేస్తాయి. ముప్పై ఏళ్ళుగా వంటచేస్తున్న అమ్మ కొత్త పొయ్యి దగ్గర తడబడితే అది వయసు దోషం అనుకోకండి.

రెండోది నాబ్ తిరిగే దిశ. మన పొయ్యిల్లో నాబ్ నొక్కి ఎడమవైపుకు తిప్పాలి. పావు చుట్టు తిప్పితే పెద్ద మంట, ఇంకో పావు చుట్టు తిప్పితే సిమ్. అంటే మూసిన చోటుకు పక్కనే ఉన్నది పెద్ద మంట, దూరాన ఉన్నది చిన్న మంట. ఫ్యాన్ రెగ్యులేటర్‌లో సున్నా పక్కన ఒకటి ఉంటుంది, ఐదు చివర ఉంటుంది. రోజూ దాన్ని తిప్పే చెయ్యికి తగ్గించడమంటే మూసేవైపుకు తిప్పడమే. పొయ్యి దగ్గర అదే చేస్తే సిమ్‌లో ఉన్నది భగ్గున పెరుగుతుంది. సిమ్ నుంచి ఆర్పేటప్పుడు కూడా పెద్ద మంట మీదుగానే పోవాలి. ఈ ఏర్పాటుకు న్యాయమైన కారణం ఒకటుంది: అంటించేటప్పుడు గ్యాస్ నిండుగా వస్తే వెంటనే అంటుకుంటుంది, సిమ్‌లో అంటించబోతే అంటుకోక గ్యాస్ పోతుంటుంది. కాబట్టి ఇది మారాలని అడగడం లేదు. అన్ని పొయ్యిల్లో ఒకేలా ఉండడమే పెద్ద రక్ష. అయితే ఒకటి చూసుకోవాలి. మూసిన చోటికి వచ్చినప్పుడు నాబ్ టక్కున బయటికి ఉబకాలి. ఆ ఉబుకుడు వేలికి తెలియాలి. అది తెలియని పొయ్యిలో నాబ్ గురుతు పైకి ఉన్నట్టే ఉంటుంది, కానీ పూర్తిగా మూసుకుందో లేదో చెయ్యి చెప్పలేదు.

నొక్కి తిప్పడం అనేది పిల్లల కోసం పెట్టిన అడ్డు. ఒకేసారి రెండు పనులు చెయ్యడం చిన్నపిల్లలకు కష్టం. మూడేళ్ళు దాటిన పిల్లవాడు చూసి నేర్చేసుకుంటాడు, గట్టు మీదికి చెయ్యి అందితే చాలు. అందుకని రాత్రి సిలిండర్ మీది రెగ్యులేటర్ కట్టెయ్యమంటారు. చాలా ఇళ్ళలో కట్టరు, ఎందుకంటే సిలిండర్ గట్టు కింద అల్మరాలో, నూనె డబ్బాల వెనక ఉంటుంది. రోజూ రెండుసార్లు వంగి, తలుపు తీసి, చెయ్యి దూర్చి తిప్పాలంటే వారం రోజుల్లో ఎవరైనా మానేస్తారు. అల్మరా తలుపు తియ్యగానే రెగ్యులేటర్ మనవైపు తిరిగి, అడ్డం లేకుండా అందేలా సిలిండర్ పెడితే ఆ అలవాటు నిలుస్తుంది. తలుపుకు నేలమట్టాన గాలి పోయే సందులు కూడా ఉండాలి, గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి కిందే చేరుతుంది.

నాబ్ గట్టిదనం గురించి రెండు మాటలు. ప్లాస్టిక్ నాబ్ లోపలి రంధ్రం ఒకవైపు చదునుగా ఉంటుంది, వాల్వు కాడ కూడా అలాగే. కొన్నాళ్ళకు వాల్వులో గ్రీజు ఎండిపోయి తిరగడం బిగుసుకుంటుంది. బలంగా తిప్పేకొద్దీ ఆ చదును అరిగి నాబ్ జారుతుంది, గురుతు ఒకచోట, వాల్వు ఒకచోట. ఆ దశలో కటింగ్ ప్లేయరుతో కాడను తిప్పేవాళ్ళున్నారు. అది వద్దు. వాల్వు తీసి గ్రీజు పెట్టించడం మెకానిక్కు చిన్న పని, కాడ విరిగితే వాల్వే మార్చాలి. కొనేటప్పుడే నాబ్ లోపల లోహపు తొడుగు ఉందో లేదో ఊడదీసి చూడండి. పూర్తి లోహపు నాబ్‌లు చూడ్డానికి దర్జాగా ఉంటాయి, పెద్ద గిన్నె కింద నుంచి వేడి పక్కకు తిరిగితే అవే చెయ్యి కాలుస్తాయి. తడిచేతికి గుండ్రటి నున్నటి నాబ్ జారుతుంది. మధ్యలో నిలువు గట్టు ఉన్న నాబ్ మేలు, పట్టు దొరుకుతుంది, ఎటు తిరిగి ఉందో వేలితోనే తెలుస్తుంది.

వేలితో తెలియడం అన్నది చిన్న విషయంగా తీసుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు నేల మీద దిగాక పైలట్లు రెక్కల ఫ్లాపులు (రెక్కల వెనక అంచున ఉండే కదిలే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవాళ్ళు. విమానం పొట్ట మీద కూలబడేది. పొయ్యి పరీక్ష చేసిన చపానిస్సే అప్పుడు కాక్‌పిట్ చూసి, ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఒకేలా ఉన్నాయని పట్టుకున్నాడు. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారం, ఫ్లాప్ మీటకు ఫ్లాప్ ఆకారం తగిలించారు. నేటికీ విమానాల్లో చక్రాల మీట కొస చక్రంలాగే ఉంటుంది. ఇంట్లో దీన్ని కొద్దిపాటి ఖర్చుతో చెయ్యొచ్చు: పెద్ద బర్నర్ నాబ్ నెత్తిన శనగగింజంత ఎం-సీల్ ముద్ద అతికించి ఆరనివ్వండి. కరెంటు పోయినా, కళ్ళజోడు లేకపోయినా చెయ్యి గుర్తుపడుతుంది. చూపు తగ్గిన పెద్దవాళ్ళు వంటచేసే ఇంట్లో ఇది తప్పకుండా చెయ్యాల్సిన పని.

ఇక పాలు. గృహప్రవేశం నాడు పొంగాలి, మిగతా రోజుల్లో పొంగకూడదు. పాడి ఎక్కువున్న చిత్తూరు సీమలో ఉదయం మొదట పొయ్యెక్కేది పాలగిన్నే. పాల మీద కట్టే మీగడ పొర కింద ఆవిరి చిక్కుకుని నురగ ఒక్కసారిగా లేస్తుంది, అందుకే నీళ్ళలా ముందుగా బుడబుడమని చెప్పదు. పొంగి బర్నర్ మీద పడితే మంట ఆరిపోతుంది, నాబ్ తెరిచే ఉంటుంది. గ్యాస్ వస్తూనే ఉంటుంది. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో వంటగదిలో ఈ సంఘటనకు అన్నీ కుదిరి ఉంటాయి: బయట 40 డిగ్రీలు దాటిన ఎండ, మంట కదులుతుందని ఫ్యాన్ ఆపి ఉంటుంది, అంతసేపు ఎవరూ నిలబడలేరు. ఒక్క నిమిషం హాల్లోకి వచ్చి గాలి పోసుకుంటారు. పాలు పొంగడానికి ఆ నిమిషం చాలు.

తిరిగి వచ్చిన మనిషి మొదట చేసేదే ప్రమాదకరమైనది. మంట ఆరిందని చూడగానే చెయ్యి లైటర్ మీదికి పోతుంది. ఆటో ఇగ్నిషన్ ఉన్న పొయ్యిలో ఇది ఇంకా దగ్గర, ఎందుకంటే లైటర్ నాబ్‌లోనే ఉంది, నొక్కితే నిప్పురవ్వ. చేతి లైటర్‌కైతే దాని కోసం వెతికే రెండు సెకన్లలో వాసన తగలొచ్చు. అందుకే ఆటో ఇగ్నిషన్‌ను ఈ సమీక్షలో సుగుణంగా లెక్కెయ్యలేదు.

దీనికి అసలైన మందు మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే పరికరం. ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ అంటారు. బర్నర్ పక్కన పుల్లలాంటి థర్మోకపుల్ ఉంటుంది. మంట వేడికి అది కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు వాల్వులోని చిన్న అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. మంట ఆరితే పుల్ల చల్లారుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, స్ప్రింగ్ వాల్వు మూసేస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. గట్టు మీద పెట్టుకునే మన పొయ్యిల్లో ఇది అరుదు, గట్టులో బిగించే హాబ్‌లలో కొన్నింటికి ఉంది. దీనికి ఒక ఇబ్బంది ఉంది: అంటించాక పుల్ల వేడెక్కే దాకా కొన్ని సెకన్లు నాబ్ నొక్కి పట్టుకోవాలి. కొత్తవాళ్ళు వెంటనే వదిలేస్తారు, మంట ఆరిపోతుంది, "పొయ్యి పాడైంది" అని మెకానిక్‌ను పిలుస్తారు. అతను ఆ పరికరాన్నే పక్కన పెట్టేసి "ఇక బాగుంది" అని పోయే అవకాశం ఉంది. కొన్న రోజే ఇంట్లో వంటచేసే ప్రతి ఒక్కరి చేతా ఒకసారి అంటింపజెయ్యండి. మనసులో ఐదు లెక్కపెట్టి వదలడం అలవాటైతే ఇక గుర్తే ఉండదు. ఈ ఒక్క పరికరం ఉన్న హాబ్‌కు నాలుగు బర్నర్ల అందాన్ని మించిన విలువ ఇస్తాం.

అది లేని పొయ్యి దగ్గర మంట ఆరి వాసన వస్తే వరస ఇది: నాబ్ కట్టండి, రెగ్యులేటర్ కట్టండి, కిటికీలు తలుపులు తియ్యండి. లైటు, ఫ్యాన్, ఎగ్జాస్ట్ ఏ స్విచ్చూ వెయ్యొద్దు, వేసి ఉంటే ఆపొద్దు కూడా, రెంటిలోనూ రవ్వ పుడుతుంది. వాసన తగ్గకపోతే బయటికి వచ్చి 1906కు ఫోన్ చెయ్యండి, గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు అది. దాన్ని పొయ్యి వెనక గోడ మీద కాకుండా వంటగది బయట గుమ్మం దగ్గర రాసిపెట్టండి. అవసరం పడేటప్పటికి మనిషి బయట ఉంటాడు.

గాజు పలక దగ్గరికి వద్దాం. టఫెన్డ్ గాజు గట్టిదే, మధ్యలో గిన్నె తగిలితే ఏమీ కాదు. దాని ప్రాణం అంచుల్లో ఉంది. అంచుకు కుక్కర్ మూత తగిలి చిన్న పెచ్చు ఊడితే, ఆ రోజు కాకపోయినా ఇంకో రోజు మొత్తం పలక ఒక్కసారిగా ముక్కలవుతుంది. పెచ్చు ఊడిన పలకను వాడకండి. రెండో కారణం వేడి ఒకేచోట చేరడం: ప్యాన్ స్టాండ్‌ను మించిన వెడల్పు గుండిగ పెడితే మంట బయటికి పోలేక గాజు మీదికి తిరుగుతుంది. మూడోది వేడి గాజు మీద చన్నీళ్ళు. వంటయిన వెంటనే తడిగుడ్డ వెయ్యడం మన ఇళ్ళలో శుభ్రత అలవాటు, ఈ పొయ్యికి మాత్రం పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఇంకో సంగతి ఉంది. మనిషి ఏ వస్తువును చూసినా అది ఏ పనికి వస్తుందో కన్ను వెంటనే చెప్పేస్తుందన్నాడు జేమ్స్ గిబ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. చదునుగా, నున్నగా, ఖాళీగా ఉన్న గాజు పలక "ఇక్కడ దించు" అంటుంది. అందుకే దించిన కుక్కర్, కాలిన గరిటె, వేడి మూకుడు అన్నీ దానిమీదే దిగుతాయి. వద్దని చెప్పి ఆపలేం. పొయ్యి పక్కన జానెడు చోటులో ఒక చెక్క పలకో, గ్రానైట్ ముక్కో పెడితే చెయ్యి అటు పోతుంది.

వెనక బర్నర్‌కు చెయ్యి చాచేటప్పుడు పమిట, చున్నీ ముందు మంట మీదుగా పోతాయి. సింథటిక్ బట్ట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నాలుగు బర్నర్ల చదరం పొయ్యిలో వెనకవి రెండు, మూడు బర్నర్ల దాంట్లో ఒకటే, అదీ రెండు ముందు మంటల సందులో. చిన్న మంట మీద నిదానంగా ఉడికేవాటిని వెనక పెట్టి, తరచూ కలిపేవి ముందు పెట్టుకోవడం మంచిది. చాలామంది పాలగిన్నెను వెనకకు నెడతారు, అక్కడే పొంగు కనబడదు.

ఇప్పుడు చిత్తూరు సీమ వాళ్ళకు బాగా పట్టే పరీక్ష: రాగిసంగటి. దుకాణంలో పొయ్యిని ఎవరూ దీనికోసం చూడరు. పిండి ఉడికాక తెడ్డుతో కెలికేటప్పుడు బలం కిందికి కాదు, పక్కలకు పోతుంది. గిన్నె తిరుగుతుంది, ప్యాన్ స్టాండ్ కాళ్ళు గుంటల్లోంచి లేస్తాయి, పొయ్యే గట్టు మీద జారుతుంది, వెనక గ్యాస్ పైపు లాగుతుంది. తేలిక గాజు పొయ్యి ఈ పరీక్షలో నెగ్గదు, నాలుగు బర్నర్లదైనా మూడు బర్నర్లదైనా. పాతకాలం పద్ధతిలో గిన్నెను కిందికి దించి, గుడ్డల మీద రెండు పాదాలతో అదిమి కెలకడంలో శాస్త్రం ఉంది. బలం పెట్టే పని మోచేతికి 15 నుంచి 40 సెంటీమీటర్లు కిందుగా ఉండాలన్నది ఎర్గోనామిక్స్‌లో, అంటే పనిని మనిషి ఒంటికి తగ్గట్టు మలిచే శాస్త్రంలో, వాడే కొలత. అప్పుడు ఒంటి బరువు పనికి వస్తుంది, భుజం పడిపోదు.

గట్టు ఎత్తుతో లెక్క వేసి చూడండి. మన ఆడవాళ్ళ సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, నిలబడితే మోచెయ్యి 95 దగ్గర ఉంటుంది. మేస్త్రీలు గట్టును 34 అంగుళాలు కడతారు, అంటే 86 సెంటీమీటర్లు. దానిమీద పొయ్యి, ప్యాన్ స్టాండ్ కలిపి ఇంకో 12 వేసుకుంటే గిన్నె అడుగే మోచెయ్యి దాటింది. 15 సెంటీమీటర్ల గిన్నె పెడితే దాని అంచు 113. భుజం 124 దగ్గర ఉంటుంది. తెడ్డు పట్టుకున్న చెయ్యి భుజం ఎత్తులో గాల్లో ఉంటుంది, లోపల ఏముందో కనబడదు, ఆవిరి మొహానికి కొడుతుంది. భుజం నొప్పికి ఆయింట్‌మెంట్లు రాసుకునే ముందు ఈ కొలత చూసుకోవాలి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు పొయ్యి పెట్టే చోట మాత్రం గట్టును 4 అంగుళాలు కిందికి దింపమని మేస్త్రీకి ముందే చెప్పండి, కూరలు తరిగే చోటు మామూలు ఎత్తులో ఉంచండి. అప్పటికీ పొయ్యి సిలిండర్ కంటే ఎత్తులోనే ఉండాలి, అది మరవొద్దు. అద్దె ఇల్లయితే గట్టు ముందు రెండు మూడు అంగుళాల ఎత్తు, కదలని వెడల్పాటి చెక్కపీట వేసుకోవచ్చు, అంచు దాటి కాలు జారకుండా గట్టు పొడవునా ఉండాలి.

అంగట్లో చెయ్యాల్సిన పరీక్షకు పది నిమిషాలు చాలు. గ్యాస్ కనెక్షన్ ఇవ్వరు కాబట్టి అన్నీ చేత్తో, కంటితోనే. ఇంట్లో ఎక్కువ వంటచేసే మనిషి వెళ్ళాలి, డబ్బు కట్టే మనిషి ఒక్కరే వెళ్తే కుదరదు. పొయ్యిని మీ గట్టంత ఎత్తున్న బల్ల మీద పెట్టించి ఎదురుగా నిలబడండి. "కుడి వెనక" అని పక్కవాళ్ళను అనమనండి, మీరు ఆలోచించకుండా నాబ్ పట్టుకోండి. పదిసార్లలో రెండుసార్లు తప్పు పోతే ఆ పొయ్యి మీకు సరిపడదు. చెయ్యి తడిపి ప్రతి నాబ్ నొక్కి తిప్పండి, మూసినప్పటి టక్కు వినండి. బర్నర్ మూతలు తీసి ఒకదాని చోట ఇంకోటి పెట్టి చూడండి. పెద్దది చిన్నదానిమీద కూర్చోకూడదు, సరైనది ఒకే విధంగా, కదలకుండా కూర్చోవాలి. వంకరగా కూర్చోనిచ్చే మూత కడిగిన ప్రతిసారీ వంకరగానే పెడతారు, మంట ఒకవైపు ఎగసి గిన్నె కాడను కాలుస్తుంది. టీ కాచే అతి చిన్న గిన్నె ఇంటినుంచి తీసుకెళ్ళి ప్యాన్ స్టాండ్ మీద పెట్టండి, ఒరిగితే చిన్న రింగు విడిగా ఇస్తారేమో అడగండి. మీ పెద్ద పెనం, కుక్కర్ పక్కపక్కన పెట్టినప్పుడు కాడలు ఢీకొంటున్నాయా చూడండి. నాలుగు బర్నర్లున్నా నాలుగు పెద్ద గిన్నెలు పట్టవని ఇక్కడే తెలిసిపోతుంది. పొయ్యి ముందంచును అరచేత్తో పక్కకు నెట్టండి, కాళ్ళకింద రబ్బరు పట్టు ఉంటే కదలదు. ఐఎస్ఐ గుర్తు, దానికింద ఐఎస్ 4246 అన్న అంకె ఉండాలి. ఆ ప్రమాణం ప్రకారం వేడి సామర్థ్యం, అంటే గ్యాస్ వేడిలో గిన్నెకు చేరే భాగం, కనీసం 68 శాతం.

బిగించే రోజున చూడాల్సింది పైపు. గ్యాస్ లోపలికి వచ్చే నాజిల్ పొయ్యికి ఏ పక్కన ఉందో, మీ సిలిండర్ ఏ పక్కన ఉందో కొనకముందే సరిచూసుకోండి. ఎదురెదురైతే పైపు పొయ్యి వెనకగా బర్నర్ వేడికింద నుంచి పోతుంది. నారింజరంగు సురక్షా పైపు ఒకటిన్నర మీటరు మించొద్దు, మధ్యలో అతుకు వద్దు, గోడలోంచి పోనివ్వొద్దు. దానిమీద అచ్చువేసిన తేదీ చూసి ఐదేళ్ళకు మార్చాలి. ఐదేళ్ళ తర్వాతి తేదీ ఎవరికీ గుర్తుండదు కాబట్టి, ఆ నెల, సంవత్సరం పెయింట్ పెన్నుతో సిలిండర్ అల్మరా తలుపు లోపలివైపు రాయండి. సిలిండర్ మార్చిన ప్రతిసారీ కంటబడుతుంది. పైపు రెండు కొసలకూ సబ్బునురగ రాసి బుడగలు లేవకపోతే పొయ్యి వెలిగించి పాలు పెట్టుకోవచ్చు.